ప్రార్థనాంశాల పుస్తకం

యిర్మీయా ప్రవక్త చెబుతుంటే బారూకు సిరాతో పుస్తకపు చుట్టలో రాశాడు. రాసేవాడు ఎలాంటివాడో ప్రవక్తకు తెలుసు. ఇప్పుడు మన ఫోన్‌లోని నోట్సుకూ ఒక లేఖకుడు దొరికాడు. నోషన్ అనే యాప్‌లో కృత్రిమ మేధ సహాయకుడు 2023లో అందరికీ అందుబాటులోకి వచ్చాడు. రెండేళ్ల ప్రసంగాల నోట్సులో క్షమాపణ గురించి ఎక్కడ రాసుకున్నామో అడిగితే క్షణాల్లో వెదికి చూపిస్తాడు. మంచిదే, వాడుకోవచ్చు.

కాని చాలామంది విశ్వాసులు ప్రార్థనాంశాలూ అలాంటి యాప్‌లోనే రాసుకుంటారు. ఒక సహోదరికి గర్భస్రావం, ఒక ఇంట్లో తాగుడు, విడాకుల దాకా వెళ్లిన ఒక జంట. కన్నీళ్లతో మన చెవిలో మాత్రమే చెప్పుకున్న సంగతులవి! వాటిని క్లుప్తంగా చెప్పమని అడిగామంటే, ఆ రాతలు నోషన్ దగ్గరే ఆగవు. దానికి మేధను సమకూర్చే ఓపెన్‌ఏఐ, ఆంత్రోపిక్ వంటి సంస్థల దాకా వెళ్లవచ్చు. అక్కడెవరో దొంగిలిస్తారని కాదు, ఆ సహోదరిని అడగకుండా పంపించామన్నదే బాధ. నియమాల పత్రం చదవకుండానే ‘అంగీకరిస్తున్నాను’ అని నొక్కింది మనమే, ఆమె కాదు.

ప్రసంగాల నోట్సు యాప్‌లో ఉండనివ్వండి. ప్రార్థనాంశాలకు మాత్రం ఒక చిన్న కాగితపు పుస్తకం చాలు. యాప్‌లోనే రాయక తప్పదంటే, పేర్లు లేకుండా రాసుకోండి. సంఘ కాపరులైతే ఇది ఈ వారమే సరిచూసుకోవాలి.