రక్తమిచ్చితిమి, హృదయమును మఱచితిమి

హిందూపురము, పెనుకొండ, ధర్మవరము పట్టణములలో రక్తదానశిబిర మనగానే యువకులు బారులు తీరి నిలుతురు. ఇది మనకు గర్వకారణమే. ఈ వ్యాసకర్తయు న్యాయవాదవృత్తి నవలంబించుచు, సెలవుదినములలో అట్టి శిబిరములందు స్వచ్ఛందసేవకుడుగ నిలిచినవాడే. అయినను ఒక మాట నిర్మొగమాటముగ జెప్పవలసియున్నది. తలసీమియా మొదలగు వంశపారంపర్య రక్తవ్యాధులతో బుట్టిన బిడ్డల విషయమున మనము సగము ధర్మమునే నెరవేర్చుచున్నాము. రక్తమిచ్చుచున్నాము, ఆ రక్తము వారి హృదయమును ఏమి చేయుచున్నదో విచారించుట లేదు.

ధర్మవరమున ఒక నేతకారుని కుమారుడు తలసీమియాతో జన్మించెను. మూడువారముల కొకపర్యాయము రక్త మెక్కించినగాని వాడు లేచి తిరుగజాలడు. తండ్రి మగ్గము నిలిపి, కూలి పోగొట్టుకొని, వానిని వెంటబెట్టుకొని రైలెక్కువాడు. మా మిత్రబృందము రక్తమునకు లోటు రానీయలేదు. అది మాకెంతయో గొప్పగ నుండెడిది. పదునేడవయేట ఆ బాలునకు కాళ్లు వాచెను. మెట్లెక్కిన ఆయాసము వచ్చుచుండెను; గుండె లయ తప్పెను. హృదయకండరమునందు ఇనుము పేరుకొన్నదని వైద్యులు చెప్పునప్పటికి కాలము మించిపోయెను. బిడ్డ పోయిన కొలదిదినములకు ఆ తండ్రి నాయొద్దకు వచ్చి, “సామీ, మీరిప్పిచ్చిన రక్తంలోని ఇనుమే నా బిడ్డ గుండెలో కూచున్యాదంట. నిజమేనా?” అని యడిగెను. న్యాయస్థానమున పరులను ప్రశ్నించుట కలవాటుపడిన నేను ఆ ప్రశ్నకు తలవంచితిని.

ఏలనన, అది నిజమే. రక్తమునకు ఎఱ్ఱదనము నిచ్చు హెమోగ్లోబిన్ నందు ఇనుము గలదు. ఎక్కించిన ప్రతి సంచి రక్తముతో 200 మిల్లీగ్రాములకు తక్కువగాని యినుము దేహమున ప్రవేశించును. దేహమో, దినమునకు ఒకటి రెండు మిల్లీగ్రాములకు మించి దానిని వెలికి బంపజాలదు. అందుకు ప్రకృతి వేఱు మార్గము నేర్పరుపలేదు. మూడువారముల కొక సంచి చొప్పున లెక్కించినను ఏడాదికి 3 గ్రాములు దాటును. ఆరోగ్యవంతుడగు పెద్దవాని యొడలంతట గల యినుము మూడు నాలుగు గ్రాములే గదా! ఈ మిగులు కాలేయమున జేరును, గ్రంథులయందు జేరును, తుదకు హృదయమున జేరి, కండరమును బలహీనపఱచి, లయను జెఱచును. క్రమముగ రక్తము పొందు తలసీమియా రోగుల మరణములకు చిరకాలముగ హృదయవ్యాధియే ప్రధానకారణమై యున్నది. అట్లని రక్తము మానరాదు. మానినచో బిడ్డ బాల్యముననే దక్కడు. రక్తమును ఈయవలెను, ఇనుమును తీయవలెను. ఈ రెండును గలిసినదే చికిత్స.

సికిల్‌సెల్ వ్యాధియందు కీడు వేఱుతీరున వచ్చును. 1910లో చికాగో వైద్యుడు జేమ్స్ హెరిక్ వర్ణించిన ఈ వ్యాధిలో ఎఱ్ఱకణములు కొడవలివలె వంగి, సన్నని రక్తనాళములలో జిక్కుకొని దారిని మూయును. పసిబిడ్డలకును పక్షవాతము రావచ్చును. పెద్దలకు ఊపిరితిత్తుల నాళములలో ఒత్తిడి హెచ్చి హృదయమునకు భారమగును. మెదడు నాళములలోని రక్తవేగమును డాప్లర్ యంత్రముతో గొలిచి, ఆపద గల బిడ్డలను ముందుగనే గుర్తింపవచ్చునని 1990 దశకమున రుజువైనది. 2023 జూలై 1న కేంద్రప్రభుత్వ మారంభించిన సికిల్‌సెల్ నిర్మూలనోద్యమము ప్రధానముగ గిరిజనప్రాంతముల కుద్దేశింపబడినది. మన మైదానపు టూళ్లలోని రోగి అందులో మఱుగున బడకుండ జూచుకొనవలెను.

ఇనుమును వెడలించు మందులు లేవా? ఉన్నవి. డెస్‌ఫెరియాక్సమైన్ అను మందును రాత్రివేళ గంటలకొలది చర్మము క్రింద సూదిద్వారమున నింకింపవలెను. అంతకంటె సులువుగ నోటితో మ్రింగదగిన డిఫెరిప్రోన్, డిఫెరసిరాక్స్ తరువాత వచ్చినవి. హృదయమున జేరిన యినుమును గొలుచుటకు టి-2 స్టార్ అను ఎం.ఆర్.ఐ. విధానమును 2001లో లండను వైద్యులు ప్రకటించిరి. ఆ కొలత 20 మిల్లీసెకండ్లకు దిగువనున్న హృదయమున ఇనుము చేరినట్లు. 10కి దిగువనున్న మహాపద సమీపించినట్లు. రక్తమునందలి ఫెరిటిన్ కొలత ఉపయుక్తమే కాని, హృదయస్థితిని సరిగ జెప్పజాలదు. ఎకో పరీక్ష బాగుగ నున్నదని నిశ్చింతగ నుండరాదు. హృదయము దెబ్బతినిన పిమ్మటగాని అది లోపమును జూపదు. మేమెఱుగక పోగొట్టినది ఇదియే.

ఇక శాసనమును జూతము. రక్తము పదేపదే కావలసిన ఈ రోగులకు దానిని ఉచితముగ నీయవలెనని 2014లోనే నిర్ణయమైనది. 2016 వికలాంగుల హక్కుల చట్టము తలసీమియా, హీమోఫిలియా, సికిల్‌సెల్ వ్యాధులను వైకల్యములుగ నంగీకరించినది. కాని అదే చట్టపు 34వ సెక్షను ప్రకారము ఉద్యోగములలో నిచ్చు నాలుగు శాతపు భాగమున వీరికి చోటులేదు. మన రాష్ట్రప్రభుత్వము ఈ రోగులకు నెలకు 10,000 రూపాయల పింఛను నేర్పఱచినది. అది మెచ్చదగిన పని. అయితే రక్త ముచితముగ నిచ్చి, ఆ రక్తముతో వచ్చు ఇనుమును దీయు మందునకు పూచీపడని న్యాయము సగము న్యాయమే.

కావున మన కోరికలు మూడు. హిందూపురము, పెనుకొండ, ధర్మవరముల ప్రభుత్వాసుపత్రులలో రక్త మెక్కించుకొను ప్రతి బిడ్డకును మూడునెలల కొకసారి ఫెరిటిన్ పరీక్ష జరుగవలెను. ఇనుమును వెడలించు మందులు ఒక్క దినమైనను లోపింపరాదు. పదియేండ్లు నిండిన ప్రతివానికిని సంవత్సరమున కొకసారి ఎకోయు, టి-2 స్టార్ పరీక్షయు ప్రభుత్వవ్యయముతో జరుగవలెను. 1991 నుండి పుట్టపర్తియందు ఉచిత హృదయచికిత్సాలయము గల సీమ మనది. 2022లో ఆ పట్టణమే కేంద్రముగ జిల్లాయు నేర్పడినది. గుండెకు పేరుగాంచిన జిల్లాలో ఈ బిడ్డల గుండెలకు దిక్కులేదను నింద మనకు రాదగదు.

మన యిండ్లలో జేయవలసినదియు నొకటి గలదు. తల్లియు దండ్రియు ఇరువురును వ్యాధివాహకులైనచో ప్రతి కాన్పునందును నాలుగింట నొకపాలు బిడ్డకు తలసీమియా వచ్చుటకు వీలుగలదు. వాహకునకు స్వయముగ బాధ యుండదు గనుక అతని కది తెలియదు. మనసీమలో మేనరికము లెక్కువ. వాహకుని మేనత్తబిడ్డ వాహకురాలగుటకు ఎనిమిదింట నొకపాలు, అక్కకూతురగుటకు నాలుగింట నొకపాలు అవకాశము గలదు. ఆచారమును నిందించుట నా యుద్దేశము గాదు. బంధుత్వము లేనివారియందును ఈ దోషము గలియవచ్చును. జాతకములు చూచువారు రక్తమును గూడ జూడవలెనని మాత్రమే నా మనవి. హెమోగ్లోబిన్ పరీక్ష జన్మమున కొక్కసారి చాలును.

ఆ నేతకారు డిప్పటికిని మగ్గము మీద కూర్చుండి పట్టు నేయుచున్నాడు. ఒక్క పోగు తెగిన మగ్గ మాపి, ముడివేసి, మరల సాగించును. మనము తెగిన పోగును జూడక నేసితిమి. ఇకముందు శిబిరమున చేయి చాచి రక్తమిచ్చు ప్రతి యువకుడును, “ఈ రక్తము పొందు బిడ్డ గుండెను పరీక్షించితిరా?” అని యడుగుగాక. ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేని శిబిరమును నడుపుటకు మాకును, ఆసుపత్రిని నడుపుటకు ప్రభుత్వమునకును మొగము చెల్లదు.