ఓళిగలకు ఎంతమంది కావాలి?

ఓళిగల కొలతలు చెప్పమని మా చుట్టాల్లో కొత్తగా పెళ్లయిన అమ్మాయిలు అడుగుతుంటారు. ఉగాదికి పది రోజుల ముందు నుంచే ఫోన్లు మొదలు. బ్యాళ్లు ఎన్ని, బెల్లం ఎంత, పిండి ఎంతసేపు నానాలి, అన్నీ చెబుతాను. ఈ మధ్య వాటితో పాటు ఒక ప్రశ్న కూడా అడుగుతున్నాను. "ఎంతమంది కలిసి చేస్తారు?" ఒక్కదాన్నే అంటే, "అయితే సగమే చెయ్యి, లేకుంటే కొనుక్కో" అంటున్నాను. ఈ మాట మా ఇళ్లలో పెద్దవాళ్లకు నచ్చడం లేదు. ఎందుకలా అంటున్నానో వివరంగా చెబుతాను.

మాది సోమందేపల్లె. పెనుకొండ దాటి బెంగళూరు వైపు పోతుంటే 44వ నంబరు జాతీయ రహదారి మీద తగిలే ఊరు. 2022లో జిల్లాలు మార్చాక శ్రీ సత్యసాయి జిల్లా అయింది కానీ, ఎవరైనా అడిగితే నోట్లో ఇప్పటికీ అనంతపురం జిల్లా అనే వస్తుంది. కర్ణాటక పక్కనే. అందుకే మా వంటింట్లో సగం మాటలు కన్నడం వాళ్లవీ మావీ కలిసిపోయి ఉంటాయి. కోస్తా వాళ్లు బొబ్బట్లు అనేవి, తెలంగాణలో భక్ష్యాలు, పోలెలు అనేవి మాకు ఓళిగలు. సరిహద్దు దాటితే హోళిగె, ఒబ్బట్టు. మహారాష్ట్రకు పోతే పూరన్ పోళీ. ఇన్ని రాష్ట్రాల వాళ్లు ఇన్ని పేర్లతో చేసుకుంటున్నారంటే, ఇది ఏ ఒక్క ఇంటి సొత్తూ కాదు. అయినా ప్రతి ఇంట్లోనూ "మా అవ్వ చేసినట్లు ఎవరికీ రాదు" అంటారు. మేమూ అంటాం.

మా ఇంటి పద్ధతి ఇది. అర కేజీ కందిబ్యాళ్లు వేలితో నొక్కితే నలిగేంత వరకే ఉడకాలి, మెత్తగా జావ కాకూడదు. ఆ నీళ్లు వంచి పక్కన పెట్టుకోవాలి. అదే కట్టు. బ్యాళ్లలో అర కేజీ బెల్లం వేసి, చెమ్మ ఇగిరి గరిటెకు ముద్దగా అంటుకునే దాకా కలుపుతూ ఉండాలి. యాలకలు వేసి మెత్తగా రుబ్బితే పూర్ణం. పైపిండికి మైదా, కొంచెం చిరోటి రవ్వ, చిటికెడు పసుపు. మెత్తగా కలిపి, నూనెలో మునిగేలా పెట్టి, రెండు గంటలైనా నాననివ్వాలి. పిండి బాగా నానితేనే పూర్ణం బయటికి రాకుండా సాగుతుంది. అరిటాకు మీద పలుచగా తట్టి, పెనం మీద నేతితో కాల్చాలి. నిమ్మకాయ కంటే కాస్త పెద్ద ఉండ చేస్తే పాతిక దాకా వస్తాయి.

వంచిపెట్టిన కట్టును పారబోయం. అందులో కాస్త పూర్ణం, చింతపండు పులుసు, సారు పొడి, కొబ్బరి, కొత్తిమీర నూరి వేసి మరిగించి తిరగవాత పెడితే ఓళిగల సారు. తీపి, పులుపు, కారం మూడూ తగులుతాయి. మర్నాటికి ఇంకా బాగుంటుంది. మా ఇంట్లో ఓళిగల కంటే ఈ సారు కోసం ఎదురుచూసేవాళ్లే ఎక్కువ.

ఈ సారు గురించి ఇంతగా చెప్పడానికి కారణం ఉంది. మాది వాన తక్కువ సీమ. ఏడాది మొత్తం మీద సగటున 550 మిల్లీమీటర్లు పడితే గొప్ప. చెనిక్కాయ పంట ఒక ఏడు చేతికొస్తే రెండేళ్లు ఎండిపోయేది. మా అవ్వ కాలంలో రోజూ తినేది రాగి సంగటి, జొన్న సంగటి, కొర్రన్నం. వరి అన్నం పండగకో, చుట్టాలొస్తేనో వండేవాళ్లు. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం ఇచ్చాక గానీ మా పల్లెల్లో తెల్లన్నం రోజువారీ కాలేదు. అట్లాంటి ఊళ్లో పండగ వంట అంటే ఒకే ఒక్క బ్యాళ్ల కుండ. అందులోనే తీపి, అందులోనే అన్నంలోకి సారు. దాంతో పాటు మామిడికాయ చిత్రాన్నమో, పెసరబ్యాళ్ల కోసంబరో. అంతే. అది పేదరికం వల్ల వచ్చిన పద్ధతే కావచ్చు. కానీ ఉన్నదాన్ని ఏ మాత్రం పారెయ్యకుండా పండగ చేసుకునే తెలివి అందులో ఉంది.

ఇంకొకటి కూడా ఉండేది. మనుషులు. మా అవ్వ ఓళిగలు ఒక్కతే ఎప్పుడూ చెయ్యలేదు. పూర్ణం రుబ్బేది ఒకరు, ఉండలు చేసేది ఒకరు, తట్టేది ఒకరు, పెనం దగ్గర కూర్చునేది ఒకరు. అత్తాకోడళ్లు, తోటికోడళ్లు, పక్కింటి ఆమె, పెళ్లికాని ఆడపిల్లలు. ఈ రోజు మా ఇంట్లో చేస్తే మర్నాడు మీ ఇంట్లో. అదేదో బంగారు కాలమని నేను చెప్పడం లేదు. అప్పుడూ మగవాళ్లు అరుగు మీద కూర్చుని మొదటి పంక్తిలో తిన్నారు, ఆడవాళ్లు చివర్లో తిన్నారు. మా అవ్వ చల్లారిన ఓళిగే తినింది. కాకపోతే నలుగురితో కలిసి కబుర్లు చెప్పుకుంటూ తినింది.

ఇప్పుడేమయింది? మనుషులు తగ్గారు, వంటలు పెరిగాయి. తోటికోడలు బెంగళూరులో, ఆడబిడ్డ హైదరాబాదులో. పండగకు ఊరికొచ్చేసరికి అప్పటికే బస్సులో అలిసిపోయి ఉంటారు. ఇంట్లో ఉండే ఆడమనిషి ఒక్కతే. ఆమె చెయ్యాల్సిన జాబితా చూడండి. ఓళిగలు, సారు, చిత్రాన్నం, కోసంబరి, వడలు, పాయసం, రెండు పల్యాలు, బజ్జీలు. మధ్యలో "టిఫిన్ ఏదీ?" అనేవాళ్లకు ఉగ్గాని. యూట్యూబులో చూసిన కొత్త రకం ఒకటి. ఇవన్నీ నైవేద్యం వేళకు కావాలి. నైవేద్యం అయ్యేదాకా ఆమె మాత్రం ఉగాది పచ్చడి తప్ప ఏమీ ముట్టదు.

ఒక లెక్క వేసి చూద్దాం. ఉండ చేసి, తట్టి, రెండు వైపులా కాల్చడానికి ఒక ఓళిగకు నాలుగు నిమిషాలు పడుతుంది. పాతికకు వంద నిమిషాలు. పొయ్యి ముందు గంటా నలభై నిమిషాల నిలబాటు. మార్చి, ఏప్రిల్ నెలల్లో, మా సీమ ఎండలో. ఇది ఓళిగలకొక్కటే. ఒకరు తడుతూ ఉంటే ఇంకొకరు కాలిస్తే ఇదే పని గంట లోపల అయిపోతుంది. నిలబడే కాళ్లకూ విరామం దొరుకుతుంది.

పండగ నాడే కాదు, మామూలు రోజుల సంగతీ అంతే. జాతీయ గణాంక కార్యాలయం 2019లో దేశమంతా టైమ్ యూజ్ సర్వే చేసింది. ఆరేళ్లు దాటినవాళ్లలో నూటికి 81 మంది ఆడవాళ్లు రోజూ ఇంటిపని చేస్తుంటే, మగవాళ్లలో చేసేవాళ్లు 26 మందే. చేసే ఆడవాళ్లు రోజుకు సగటున 299 నిమిషాలు, అంటే దాదాపు అయిదు గంటలు చేస్తున్నారు. చేసే ఆ కొద్దిమంది మగవాళ్లు 97 నిమిషాలు. పండగ పూట ఈ తేడా తగ్గుతుందని ఏ ఇల్లాలైనా నమ్ముతుందా?

నేనిలా మాట్లాడితే మూడు సమాధానాలు వస్తాయి. మొదటిది, "పండగ పూట వండిపెట్టడం ఆడదానికి సంతోషం కదమ్మా" అని. నిజమే, సంతోషమే. ఓళిగ పొంగి, నెయ్యి చుట్టూ చిటపటమంటుంటే నాకూ సంతోషమే. కానీ ఇరవయ్యో ఓళిగ దగ్గర నడుము నొప్పి తప్ప వేరే ఏమీ తెలియదు. సంతోషం ఉన్న పనే కదా, అందరూ తలా కొంచెం పంచుకోవచ్చు.

రెండోది, "మొగోళ్లకు ఏం వస్తుందమ్మా, పూర్ణమంతా బయటికి తెస్తారు" అని. మా వైపు పెళ్లిళ్లకు వంట చేసేది ఎవరు? ఎక్కువగా మగవాళ్లే కదా. వందల కొద్దీ ఓళిగలు, ఒకదానికొకటి తేడా లేకుండా చేసి పెడుతున్నారు. డబ్బులిస్తే వచ్చే పని ఇంట్లో ఎందుకు రాదు? రాకపోవడం కాదు, నేర్పకపోవడం. మా అమ్మ నాకు పన్నెండేళ్లకే ఉండలు చెయ్యడం నేర్పింది. మా తమ్ముడికి నేర్పలేదు. వాడు పనికిరాడని కాదు, అసలు ఆ ఆలోచనే రాలేదు ఆమెకు.

మూడోది, "కొనుక్కొస్తే అదేం పండగ?" అని. బెంగళూరులో ఇప్పుడు ఓళిగలు మాత్రమే అమ్మే అంగళ్లే ఉన్నాయి. వేడివేడిగా పెనం మీదే కాల్చి ఇస్తారు. మా చుట్టుపక్కల కూడా ఇంట్లోనే చేసి ఆర్డర్ల మీద ఇచ్చే ఆడవాళ్లు ఉన్నారు. వాళ్లూ మనలాంటి ఇల్లాళ్లే, ఆ పాతిక ఓళిగలకు నాలుగు రూపాయలు చూస్తున్నారు. మన ఇంట్లో మాత్రం అదే పనికి "ఉప్పు కొంచెం తగ్గింది" అనే మాట వస్తుంది. దేవుడి ముందు పెట్టడానికి రెండు ఇంట్లో చేసి, మిగతావి కొనుక్కుంటే తప్పేముంది? అవి కూడా ఎవరో ఒకామె చేతి వంటే కదా.

మా ఇంట్లో 2025 ఉగాదికి ఈ పద్ధతి మార్చాం. ఆ ఏడు పండగ మార్చి 30, ఆదివారం వచ్చింది, అందరూ ఇంట్లోనే ఉన్నారు. ముందే చెప్పేశాను. వంటలు నాలుగే. ఓళిగలు, సారు, మామిడికాయ చిత్రాన్నం, కోసంబరి. పూర్ణం ముందు రోజు రాత్రే రుబ్బి ఫ్రిజ్‌లో పెట్టుకున్నాను. మా ఆయన కొబ్బరి తురమడం, మామిడికాయలు కోరడం. పదో తరగతి చదివే మా అబ్బాయి ఉండలు చెయ్యడం. పాప అరిటాకు మీద తట్టడం. పెనం దగ్గర పది ఓళిగలకొకసారి మనిషి మారడం.

మా అత్తమ్మ మొదట ఒప్పుకోలేదు. "పండగ పూట మొగపిల్లోనితో పొయ్యికాడ పని చేపిస్తావా?" అన్నారు. నేనేమీ వాదించలేదు. ఒక కుర్చీ తెచ్చి వంటింట్లో వేసి, "మీరు కూర్చుని వీనికి నేర్పించండత్తా" అన్నాను. కాసేపు మూతి ముడుచుకున్నారు. తర్వాత వాడు చేసిన ఉండ వంకరగా ఉందని చూడలేక, "అట్ల కాదురా, బొటనవేలితో తిప్పు" అని మొదలుపెట్టారు. వాడు చేసినవాటిలో మూడు పగిలి పూర్ణం పెనానికి అంటుకుంది. నేను చేసినవాటిలోనూ ఒకటి పగిలింది. పదకొండుకల్లా వంటయింది. నైవేద్యం పెట్టి అయిదుగురం ఒక్కసారే కూర్చున్నాం. చివరి నాలుగు ఓళిగలు మా ఆయన కాల్చి తెచ్చి వేశారు. పెళ్లయి పద్దెనిమిదేళ్లలో, మా అత్తగారింట్లో ఉగాది ఓళిగ నేను వేడిగా తినడం అదే మొదలు.

వడలు లేవని, పాయసం లేదని ఎవరూ అడగలేదు. ఇది గమనించాల్సిన సంగతి. ఇన్నేళ్లూ ఎవరికోసం చేశామో తెలియని వంటలు జాబితాలో ఎన్ని ఉన్నాయో, తీసేసి చూస్తే తెలుస్తుంది. ఎవరైనా అడిగితే అది వచ్చే ఏడు చేద్దాం, అడిగినవాళ్లు వచ్చి చెయ్యి వేస్తే.

ఓళిగలు మా పిల్లల తరానికి అందాలని నాకూ ఉంది. కందిబ్యాళ్ల కట్టు రుచి తెలియకుండా మా మనవళ్లు పెరగకూడదు. అయితే అది ఒక్క మా పాప మెడకు కట్టి పంపితే నిలవదు. రేపు దానికీ ఉద్యోగం ఉంటుంది, పెళ్లయితే ఏ బెంగళూరులోనో రెండు గదుల ఇంట్లో ఉంటుంది. పండగ పూట ఒక్కతే తొమ్మిది రకాలు చెయ్యలేక ఏదో ఒక రోజు ఓళిగల గొడవే వదిలేస్తుంది. వదిలేస్తే నేను దాన్ని తప్పు పట్టను. అదే మా అబ్బాయికీ వచ్చి, మా కాబోయే అల్లునికీ వస్తే, రెండిళ్లలోనూ ఓళిగలు ఉంటాయి.

అందుకే కొలతలు అడిగే అమ్మాయిలకు నేను చెప్పేది ఇదే. అర కేజీ బ్యాళ్లు, అర కేజీ బెల్లం, ఇద్దరికి తగ్గకుండా మనుషులు. ఆ ఇద్దరిలో ఒకరు మీ ఇంటాయన అయితే ఇంకా మంచిది. ఈ ఉగాదికి ఆయన చేతికి మొదట కొబ్బరి తురుము పీట ఇచ్చి చూడండి. ఉండలు తర్వాత నేర్చుకుంటారు.