మైదానం ముచ్చట్లు: జాంబియా మరచిపోని 1993

పిల్లలూ, ఈసారి మన శీర్షికలో క్రికెట్ లేదు. అలిగి పేజీ తిప్పేయకండి! మీరు రోజూ స్కూలుకి వెళ్ళే ఈ దేశం గుండెలో పెట్టుకున్న ఆట గురించి, అందులో ఒక్క ఏడాది గురించి చెప్తాను. ఆ ఏడాది 1993. మీలో చాలామంది అప్పటికి పుట్టలేదు. నేనూ అప్పటికి ఇక్కడికి రాలేదు. లుసాకాలో ఉద్యోగానికి 2004లో వచ్చాను. అయినా ఆ ఏడాది గురించి వినకుండా జాంబియాలో ఒక్క ఏప్రిల్ కూడా గడపలేదు.

ముందు కొంచెం నేపథ్యం. ఈ దేశానికి అన్నం పెట్టేది రాగి. గనులున్న ఉత్తరపు ప్రాంతాన్ని కాపర్‌బెల్ట్ అంటారు. కిట్వే, ముఫులిరా లాంటి ఊళ్ళన్నీ గనుల చుట్టూ పెరిగినవే. ఆ గనుల కంపెనీలే ఫుట్‌బాల్ క్లబ్బుల్ని పోషించేవి. కిట్వేలో న్కానా, పవర్ డైనమోస్. ముఫులిరాలో వాండరర్స్. ఒకే ఊరివైన న్కానా, పవర్ డైనమోస్ తలపడితే కిట్వే రెండుగా చీలిపోయేది. పవర్ డైనమోస్ 1991లో ఆఫ్రికా కప్ విన్నర్స్ కప్ గెలుచుకుంది. దేశవాళీ ఆట అంత బలంగా ఉండేది కాబట్టే జాతీయ జట్టూ బలంగా ఉండేది. 1988 సియోల్ ఒలింపిక్స్‌లో జాంబియా ఇటలీని 4-0తో ఓడించింది. అందులో మూడు గోల్స్ ముఫులిరా కుర్రాడు కలూషా బ్వాల్యావి. ఆ ఏడాది ఆఫ్రికా ఉత్తమ ఆటగాడూ అతనే.

1993 వచ్చేసరికి జట్టు మంచి ఊపు మీద ఉంది. ఒకవైపు ఆఫ్రికా కప్ అర్హత పోటీలు, మరోవైపు 1994 అమెరికా ప్రపంచకప్ అర్హత పోటీలు. జాంబియా అంతవరకూ ఒక్కసారి కూడా ప్రపంచకప్ ఆడలేదు. ఈసారి ఆడుతుందని జనం గట్టిగా నమ్మారు. ఏప్రిల్ 25న మన తెలుగువాళ్ళు తరతరాలుగా ఉంటున్న మారిషస్‌లో ఆడి, 3-0తో గెలిచారు. తర్వాతి మ్యాచ్ సెనెగల్ రాజధాని డకార్‌లో.

ఫుట్‌బాల్ సంఘం దగ్గర డబ్బుకి కటకట. అందుకని జట్టు ప్రయాణాలకి వైమానిక దళం వారి బఫెలో విమానమే దిక్కు. అది చిన్న విమానం. అంత దూరం ఒక్క ఎగురులో వెళ్ళలేదు. లుసాకా నుంచి బ్రజావిల్, అక్కడినుంచి గబాన్ రాజధాని లిబర్‌విల్, ఆపైన అబిజాన్, చివరికి డకార్. ఇలా ఆగుతూ ఆగుతూ పోవాలి. ఏప్రిల్ 27 రాత్రి లిబర్‌విల్‌లో ఇంధనం నింపుకుని లేచిన కాసేపటికే విమానం సముద్రంలో పడిపోయింది. తీరం ఎంతో దూరం లేదు. అందులో ఉన్న 30 మందీ చనిపోయారు. వారిలో 18 మంది ఆటగాళ్ళు. గోలీ ఎఫర్డ్ చబాలా, డెర్బీ మకింకా, విజ్డమ్ చాన్సా, ఒకనాటి గోల్స్ వీరుడు, కోచ్ గాడ్‌ఫ్రీ చితాలూ అందులోనే ఉన్నారు.

ఎందుకు పడింది? గబాన్ 2003లో ఇచ్చిన నివేదిక ప్రకారం ఎడమ ఇంజన్‌లో మంటలు వచ్చాయి. పైలట్ పొరపాటున బాగున్న కుడి ఇంజన్‌ని ఆపేశాడు. మారిషస్ నుంచి జట్టుని తెచ్చింది కూడా అతనే. ఆ అలసట కూడా తీరలేదు. పెద్దలకి ఒక మాట. పొరపాటు పైలట్ చేతిది కావచ్చు. కానీ అలసిన మనిషిని, పాత విమానాన్ని అంత దూరం పంపిన పేదరికానికీ, నిర్లక్ష్యానికీ అందులో వాటా లేదా? ఆ నివేదిక కోసం చనిపోయినవారి కుటుంబాలు పదేళ్ళు ఎదురుచూడాల్సి వచ్చింది. భర్త పోయిన ఇంట్లో, కొడుకు పోయిన ఇంట్లో పదేళ్ళంటే ఎంత కాలమో మీరే ఆలోచించండి.

కలూషా అప్పుడు హాలండ్‌లో పి.ఎస్.వి. క్లబ్బుకి ఆడుతున్నాడు. అక్కడినుంచి నేరుగా డకార్ వెళ్ళాల్సి ఉంది కాబట్టి బతికిపోయాడు. ఆటగాళ్ళని లుసాకాలో ఇండిపెండెన్స్ స్టేడియం పక్కనే ఖననం చేశారు. ఆ చోటుని హీరోస్ ఏకర్ అంటారు. తర్వాతి కాలంలో ఆ దగ్గరే కట్టిన పెద్ద స్టేడియానికి నేషనల్ హీరోస్ స్టేడియం అని పేరు పెట్టారు.

ఇంకొకరైతే ఆ ఏడాదికి ఆటే వద్దనుకునేవారు. వీళ్ళు అనుకోలేదు. క్లబ్బుల్లోంచి కుర్రాళ్ళని ఏరి, కలూషాని కెప్టెన్‌గా పెట్టి కొత్త జట్టు కట్టారు. డెన్మార్క్ సాయం చేసింది. అక్కడికి తీసుకెళ్ళి కొన్ని వారాలు శిక్షణ ఇచ్చారు. ప్రమాదం జరిగి పది వారాలైనా నిండకముందే, జూలై 4న, లుసాకాలో మొరాకోతో మ్యాచ్. స్టేడియం పక్కనే సమాధులు. మొదటి గోల్ మొరాకోదే. తర్వాత కలూషా ఫ్రీకిక్‌తో లెక్క సరిచేశాడు, జాన్సన్ బ్వాల్యా రెండోది కొట్టాడు. 2-1తో జాంబియా గెలిచింది!

ఇక్కడ చిన్న లెక్క చెప్పాలి. అప్పట్లో గెలిస్తే రెండు పాయింట్లు, డ్రా అయితే ఒకటి. డకార్‌లో 0-0, లుసాకాలో సెనెగల్ మీద 4-0. మొత్తం జాంబియాకి 5. సెనెగల్‌ని రెండుసార్లు ఓడించిన మొరాకోకి 4. మిగిలింది ఒక్క మ్యాచ్, అక్టోబర్ 10న కాసాబ్లాంకాలో. డ్రా చేసుకుంటే చాలు, అమెరికా ప్రయాణం ఖాయం. మొరాకో 1-0తో గెలిచింది. ఒక్క గోల్. అంతే.

ఆ కుర్రాళ్ళే 1994 ఏప్రిల్‌లో ట్యునీషియాలో ఆఫ్రికా కప్ ఫైనల్ దాకా వెళ్ళారు. ఆట మొదట్లోనే లిటానా గోల్ కొట్టాడు గానీ, చివరికి నైజీరియా 2-1తో గెలిచింది. ఓడి వచ్చినా వాళ్ళు ఇక్కడివాళ్ళకి వీరులే.

ఇక 2012 సంగతి నేను కళ్ళారా చూసింది, టీవీలోనే అనుకోండి. ఆఫ్రికా కప్ ఫైనల్ ఎక్కడ జరిగిందో తెలుసా? అదే లిబర్‌విల్‌లో. ఆటకి ముందు జట్టంతా సముద్రపు ఒడ్డుకి వెళ్ళి పూలు ఉంచి వచ్చింది. అప్పటికి ఫుట్‌బాల్ సంఘం అధ్యక్షుడు కలూషాయే. ఫిబ్రవరి 12న ఐవరీ కోస్ట్‌తో ఆట 0-0. పెనాల్టీల్లో 8-7తో జాంబియా తొలిసారి కప్పు గెలిచింది. దెబ్బ తగిలి ముందే మైదానం వదిలిన జోసఫ్ ముసోండాని కోచ్ ఎర్వే రెనార్ చేతులమీద ఎత్తుకుని తోటివాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆ రాత్రి మా వీధిలో ఎవరూ నిద్రపోలేదు. మా ఆఫీసు డ్రైవరు పెద్దాయన మర్నాడు గొంతు పోగొట్టుకుని వచ్చాడు. సైగలతోనే నాకు ఒక మాట అర్థమయ్యేలా చెప్పాడు: గెలిచింది పదకొండుమంది కాదట, ఇరవై తొమ్మిదిమందట. ఆ పద్దెనిమిది ఎక్కడినుంచి వచ్చిందో లెక్క వేసుకునేసరికి నాకు కళ్ళు చెమ్మగిల్లాయి.

ఇదంతా ఎందుకు చెప్పానంటే, మన ఇళ్ళలో పిల్లలు ఇంగ్లండ్ క్లబ్బుల చొక్కాలు వేసుకుంటారు, భారత జట్టు ఆడితే కేకలు పెడతారు. బాగానే ఉంది. కానీ మనం నీళ్ళు తాగుతున్న ఊరి ఆటగాళ్ళ పేర్లు నాలుగైనా చెప్పలేకపోతే ఎలా? పొరుగువారి పెళ్ళికి వెళ్ళి భోంచేసి, వారి దుఃఖం తెలియకుండా ఉండడం మన మర్యాద కాదు కదా. ఇక్కడి జట్టుని మన జట్టు అనుకుంటే మన భారతీయత ఏమీ తరిగిపోదు.

పిల్లలూ, ఇదిగో మీ పని. మీ స్కూల్లో యాభై దాటిన టీచరునో, వాచ్‌మన్ తాతనో 1993 గురించి మెల్లగా, మర్యాదగా అడగండి. వాళ్ళు చెప్పింది తెలుగులో పది వాక్యాలు రాసి పంపండి. బాగున్నవి వచ్చే సంచికలో వేద్దాం. అమ్మానాన్నలూ, ఒక ఆదివారం పిల్లల్ని హీరోస్ ఏకర్‌కి తీసుకెళ్ళండి. పూలు మరచిపోకండి.