మూరెడు తేడా

మా మేనల్లుడు పాడేరు అవతల ఒక కొండ ఊళ్ళో బడిపంతులు. మొన్న సెలవులకు వచ్చి, కాళ్ళయినా కడుక్కోకముందే, “మావయ్యా, పొట్టిదా, పొడుగుదా? తేల్చి చెప్పు” అన్నాడు.

పెళ్ళి సంబంధం కాబోలనుకుని మా ఆవిడ వంటింట్లోంచి గరిటెతో సహా పరుగెత్తుకు వచ్చింది. తీరా చూస్తే సంగతి పిల్ల గురించి కాదు, జీపు గురించి!

వాడి ఊరికి బస్సు పోదు. తారు రోడ్డు మీద దిగి, మూడు కిలోమీటర్లు మట్టిబాట ఎక్కాలి. వానాకాలంలో వాడు మోటారు సైకిలెక్కిన రోజులకన్నా మోటారు సైకిలు వాడి మీద ఎక్కిన రోజులే ఎక్కువట. అందుకని కూడబెట్టిన నాలుగు డబ్బులతో పాత జీపు కొందామని బయల్దేరాడు. విశాఖపట్నంలో ఒక షెడ్డులో రెండున్నాయి. ధర ఇంచుమించు ఒకటే, ఇంజను తరహా ఒకటే. తేడా అల్లా ముందు చక్రం నడిమికీ వెనక చక్రం నడిమికీ మధ్య దూరంలో ఉంది. దాన్నే వీల్‌బేసు అంటారు. పొట్టిదానికి అది 80 అంగుళాలు. పొడుగుదానికి మరో మూరెడు.

“మూరెడే గదా, ఏదో ఒకటి కొనుక్కోరా!” అంది మా ఆవిడ.

“చీర మూరెడు తక్కువైతే నువ్వు ఊరుకుంటావా?” అన్నాను. ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది.

నవ్వులాటకన్నాను గాని, ఈ మూరెడు దగ్గర పెద్ద పెద్ద కంపెనీలే ఆగి ఆలోచించాయి. రెండో ప్రపంచ యుద్ధంలో పరుగులు తీసిన జీపు 80 అంగుళాలది. యుద్ధం అయిపోయాక ఇంగ్లండులో రోవర్ కంపెనీ ఇంజనీరు మారిస్ విల్క్స్, తన పొలంలో వాడుకుంటున్న మిలిటరీ జీపును చూసి, ఇలాటిదే మనమూ చేస్తే సరి అనుకున్నాడు. అలా పుట్టిన లాండ్ రోవరును 1948లో ఆమ్‌స్టర్‌డామ్ ప్రదర్శనలో పెట్టారు. దానికీ 80 అంగుళాలే. ఆరేళ్ళు తిరిగేసరికి ఆ ఒక్క కొలతా చాలలేదు. 1954లో 86 అంగుళాలది ఒకటి, 107 అంగుళాలది ఒకటి చేశారు. 1956లో అవే 88, 109 అయినాయి. ఆ పెంచిన రెండంగుళాలూ రాబోయే డీసెలు ఇంజనుకు చోటు. అటు అమెరికాలో 81 అంగుళాల సి.జె.5 జీపుకే 20 అంగుళాలు చేర్చి, 101 అంగుళాల సి.జె.6 చేశారు. అక్కడ తేడా 20, ఇక్కడ 21. సముద్రానికి ఆ ఒడ్డునా ఈ ఒడ్డునా లెక్క మూరెడు పైచిలుకు దగ్గరే తేలింది!

ఎందుకంటారా? పొట్టి బండి చటుక్కున తిరుగుతుంది. ఆ 88 అంగుళాల లాండ్ రోవరు చుట్టు తిరగడానికి 38 అడుగుల మేర కావాలి. 109 అంగుళాలదానికి 45 అడుగులు కావాలి. ఇంటి ముందు ఏడడుగులు లెక్కలోవి కాకపోవచ్చు. కొండ అంచున ఏడడుగులంటే, రోడ్డుకూ లోయకూ ఉన్న తేడా అంత.

రెండోది పొట్ట సంగతి. గట్టు దాటేటప్పుడు ముందు చక్రాలు అవతలకీ వెనక చక్రాలు ఇవతలకీ పడితే, పొడుగు బండి కడుపు నేలకు ఆనుతుంది. మా తమ్ముడొకసారి పొడుగు జీపును చేలగట్టు మీదినుంచి దూకించబోయాడు. అది గట్టు మీద బోర్లా పడుకుంది. చక్రాలు తిరుగుతున్నాయి, బండి కదలదు. చివరికి ఎడ్లను కట్టి లాగించాం. ఆ ఎడ్లు మావాణ్ణి చూసిన చూపు నేనింకా మరిచిపోలేదు.

అలాగని పొట్టిదానికి దోషాలు లేకపోలేదు. ముందు చక్రం గోతిలో పడి లేచేలోగా వెనక చక్రం పడుతుంది. ఎక్కినవాళ్ళు జల్లెడలో బియ్యంలా ఎగురుతారు. నిటారు ఎత్తు ఎక్కేటప్పుడు బరువంతా వెనక్కి జారి ముందు చక్రాలు తేలికవుతాయి. తడి వాలులో తోక చప్పున పక్కకు కొడుతుంది. పొడుగుది ఈ విషయాల్లో నెమ్మదస్తురాలు.

పొట్టిది దూరాభారాలకు పనికిరాదని మాత్రం అనుకోకండి. 1955లో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి కుర్రాళ్ళు లండనులో బయల్దేరి, మన దేశం మీదుగా, బర్మా అడవులు దాటి 1956 మార్చిలో సింగపూరు చేరారు. వాళ్ళ రెండు లాండ్ రోవర్లూ 86 అంగుళాలవే.

ఇదంతా విని మావాడు, “అయితే పొట్టిదే ఖాయం. మా బాటలో అయిదు వంపులున్నాయి” అంటూ లేవబోయాడు.

“కూర్చో. నీకు మీ అమ్మమ్మ సంగతి ఒకటి చెప్పాలి” అన్నాను.

1966. నాకు పదేళ్ళు. నాన్నగారు కూడా ఆ మన్యంలోనే బడిపంతులు. అమ్మ బావి దగ్గర జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. ఊరికి దగ్గర్లో ఒక కాంట్రాక్టరు పొట్టి జీపు ఉంటే డ్రైవరు పాపం వెంటనే గడప దాకా తెచ్చాడు. తీరా ఎక్కించబోతే అమ్మకు పడుకునే చోటు లేదు. వెనక రెండు పక్కలా ఎదురెదురుగా రెండు బల్లలు, మధ్యన ఇరుకు సందు. మనిషి పొడుగులో సగానికి చాలుతుందేమో! వెనక తలుపు దించి, అమ్మ తల నా ఒళ్ళో పెట్టారు. కాళ్ళు బయటికి వచ్చాయి. నాన్నగారు ఆ దించిన తలుపు మీద కూర్చుని, కాళ్ళు కదలకుండా రెండు చేతులా పట్టుకున్నారు. ఘాటు దిగినంతసేపూ అలాగే. ప్రతి గోతికీ అమ్మ పళ్ళు బిగించడం నాకు తెలిసేది.

ఆస్పత్రిలో దించాక డ్రైవరు అన్నమాట కూడా చెప్పాలి గదా. “పొడుగు బండయితే అమ్మగారు పడుకునేవారే బాబూ. కాని అది మీ గుమ్మందాకా వచ్చేది కాదు” అన్నాడు. అతని మాటా నిజమే.

అమ్మ బతికింది. కుంటుతూనే మరో ఇరవై రెండేళ్ళు ఇల్లు నడిపింది. ఎవరైనా ఆ ప్రయాణం సంగతి ఎత్తితే, “మీ నాన్న నా కాళ్ళు పట్టుకున్నది ఆ ఒక్కరోజేరా” అని నవ్వేది. నాన్నగారు మాత్రం నవ్వేవారు కాదు.

మావాడు కాసేపు మాట్లాడలేదు. “మీ ఊళ్ళో ఎవరికైనా జబ్బు చేస్తే ఎలారా?” అన్నాను.

“డోలీయే మావయ్యా. కర్రకు దుప్పటి కట్టి మోసుకొస్తాం. పోయిన శ్రావణంలో ఒక పురిటి మనిషిని అలాగే దించాం. నేనూ ఒక భుజం పట్టాను.”

“మరి ఆ ఊళ్ళో నువ్వు జీపు కొంటే అది నీ ఒక్కడి జీపే అవుతుందా?”

అవదని వాడికీ తెలుసు.

అప్పుడు నాకు తోచింది చెప్పాను. టేపు పట్టుకుని షెడ్డులో జీపును కొలిచి లాభం లేదు. ముందు బాటను కొలవాలి. ఏ వంపు ఎంత వెడల్పు, ఏ మిట్ట ఎంత ఎత్తు, ఏది మన్ను, ఏది రాయి అని చూడాలి. మన్నయితే పొడుగుది కొనవచ్చు. ఎందుకంటే వంపును పగటిపూట గునపంతో వెడల్పు చేసుకోవచ్చుగాని, జీపును అర్ధరాత్రి సాగదీయలేం. అంతా రాయే అయితే పొట్టిదే కొనాలి. ఊళ్ళోకి రాని బండిలో ఎంత చోటుంటే ఎవరికి?

వారం కిందట ఉత్తరం రాశాడు. ఫోను అందని ఊరు మరి.

“మావయ్యా, పొడుగుదే కొన్నాను. ఊరంతా గునపాలూ పారలూ పట్టుకొచ్చారు. మూడు రోజుల్లో నాలుగు వంపులు తవ్వాం. అయిదోది రాయి. అక్కడ ఒకసారి వెనక్కి తీసి తిప్పాలి. ఇంకా ఎవరూ రాత్రిపూట తలుపు తట్టలేదు. జీపులో వెనక చాప మాత్రం పరిచి ఉంచాను.”

మా ఆవిడ ఉత్తరం రెండుసార్లు చదివింది. కళ్ళద్దాలు తీసి, “చాప సరే, ఆ ముందు సీటులో కూర్చునే పిల్ల మాటేమిటో అడగండి” అంది.