దిక్కులేనివారికి దిక్కెవరు?

పొట్టకూటికి త్రోవ కానరాక మన నరసన్నపేట ప్రాంతపు కూలీలు పూర్వము ఓడలెక్కి రంగమునకు పోయెడివారు. ముందు పోయిన యూరివాడో, మేస్త్రీయో చూపిన బసయే అచ్చట వారికి మొదటి నీడ. 1941 డిసెంబరులో రంగూనుపై బాంబులు పడగా, వేలకొలది జనము అరకాను కొండలు దాటి కాలినడకను మరలిరి. త్రోవలో ననేకులు మడిసిరి. 1962 తరువాత బర్మా విడిచి వచ్చినవారిలో కొందరికి విశాఖపట్టణమున కంచరపాలెపు బర్మా క్యాంపు నీడయయ్యెను.

కావున దిక్కులేనివానికి దిక్కు దూరదేశము కాదు, తలుపు తీయు మనుష్యుడే యని మా యభిప్రాయము. విద్యార్థులారా! ఇంటికి పోవ వెరచు బాలుడు మీ ప్రక్కబల్లమీదనే యుండవచ్చును. కారణ మడుగుటకు ముందు “మా యింటికి రమ్ము” అనుడు. తల్లిదండ్రులారా! ఆ రాత్రి మరియొక విస్తరి వేయుడు.