పైపు ఎప్పుడు తీస్తారు?

సిజేరియన్లు మరీ ఎక్కువైపోయాయని అందరూ అంటున్నారు. లెక్కలూ అదే చెబుతున్నాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60.7 కాన్పులు ఆపరేషన్ కాన్పులే. ఒక్క ప్రైవేటు ఆసుపత్రులే తీసుకుంటే 81.5. ఆంధ్రప్రదేశ్‌లో మొత్తం మీద 42.4, ప్రైవేటులో 63. దేశం సగటు 21.5 మాత్రమే. ఈ అంకెలు బయటికి వచ్చినప్పుడల్లా తప్పు డాక్టర్లదా, ముహూర్తాలు పెట్టించే కుటుంబాలదా, నొప్పులు పడలేమంటున్న ఆడవాళ్లదా అని చర్చ నడుస్తుంది. (చివరికి ఆ తప్పు ఆడవాళ్ల మీదికే వచ్చి ఆగుతుంది. అది వేరే సంగతి.) నేను ఇక్కడ రాయదలచుకున్నది ఆ చర్చ గురించి కాదు. ఆపరేషన్ బల్ల ఎక్కిన మనిషి శరీరానికి ఏమేం చేస్తున్నారు, ఆమెకు చెప్పి చేస్తున్నారా అన్నది నా ప్రశ్న. అందులోనూ ఒకే ఒక విషయం: మూత్రం పైపు.

చిన్న విషయమనుకునే దాని గురించి ఎవరూ మాట్లాడరు. పైగా మూత్రం అన్న మాట పైకి అనడానికే సిగ్గుపడేలా పెంచారు మనల్ని. కాన్పు కబుర్లలో కుట్ల నొప్పి గురించి చెప్పుకుంటాం, మత్తు సూది తర్వాత వచ్చిన నడుం నొప్పి గురించి చెప్పుకుంటాం. పైపు గురించి చెప్పుకోం.

అసలు ఎందుకు పెడతారు? కారణాలు లేకపోలేదు. మూత్రాశయం గర్భసంచి కింది భాగానికి సరిగ్గా ముందు ఉంటుంది. అది నిండి ఉంటే కోత సమయంలో గాయపడే ప్రమాదం ఉందంటారు. వెన్నులో మత్తు ఇచ్చాక నడుం కింద స్పర్శ ఉండదు, మూత్రం నిండిన సంగతి ఆమెకే తెలియదు. నిండి నిండి సాగిపోతే తర్వాత రోజుల తరబడి మూత్రం సరిగా రాని ఇబ్బంది పడాలి. రక్తస్రావం ఎక్కువైనా, బీపీ ఉన్నా గంటగంటకు మూత్రం కొలవడం ప్రాణాలు నిలిపే పని. వీటిలో దేన్నీ నేను కాదనడం లేదు.

కానీ పైపుకు ఇంకో ముఖం ఉంది. ఆడవాళ్ల మూత్రనాళం పొడవు నాలుగు సెంటీమీటర్లు మాత్రమే. మలద్వారం పక్కనే ఉంది, పైన కాన్పు తర్వాతి రక్తస్రావం. ఆ దారిలో పైపు ఉంటే సూక్ష్మజీవులు దాన్ని పట్టుకుని లోపలికి ఎక్కుతాయి, దాని గోడల మీద పొరలా స్థిరపడతాయి. ఆ పొరలోకి మందు కూడా సరిగా చేరదు. పైపు ఉన్న ప్రతి రోజుకూ మూత్రంలో సూక్ష్మజీవులు చేరే అవకాశం నూటికి మూడు నుంచి ఏడు చొప్పున పెరుగుతుందని వైద్యశాస్త్రమే చెబుతోంది. అంటే పెట్టాలా వద్దా అన్నది ఎంత ముఖ్యమో, ఎన్ని గంటలు ఉంచాలన్నది అంతకన్నా ముఖ్యం.

మా ఆడపడుచుకు రెండో కాన్పు. పదిహేను రోజుల ముందే తేదీ, టైము ఖాయం చేశారు. ఉదయం తన కాళ్ల మీద తను నడిచి థియేటర్లోకి వెళ్లింది. పైపు మత్తు ఇవ్వకముందే పెట్టారు, పెడుతున్నామని చెప్పలేదు. రెండో రోజు నుంచి “వదినా, లోపల మంటగా ఉంది, ఎప్పుడు తీస్తారో అడుగు” అంటూనే ఉంది. అడిగితే సిస్టర్, “డాక్టరుగారు రౌండుకొచ్చి చెప్పాలమ్మా” అంది. డాక్టరుగారు వచ్చి కుట్లు చూసి, పాపను చూసి, వెళ్లిపోయారు. మూడో రోజు సాయంత్రం తీశారు. బాత్రూం పక్కనే ఉంది, ఆమె మంచం దిగి నడవగలదు, బీపీ లేదు, రక్తం ఎక్కువ పోలేదు. ఇంకెందుకు ఉంచారో ఈనాటికీ తెలియదు. అయిదో రోజు చలిజ్వరం, మూత్రపరీక్షలో ఇన్‌ఫెక్షన్. పైపు వల్లే వచ్చిందని నేను రుజువు చేయలేను. కాన్పయిన ఎవరికైనా రావచ్చన్నారు వాళ్లు. కానీ మరో నాలుగు రోజులు ఉండి, సూదులు పొడిపించుకుని, వాటి బిల్లు కట్టింది మేమే. డిశ్చార్జి కాగితంలో కుట్లు ఏ దారంతో వేశారో కూడా ఉంది. పైపు ఎన్ని గంటలు ఉంచారో లేదు.

ఈ విషయంలో పరిశోధనలు ఏమంటున్నాయో చూద్దాం. 2014లో కొక్రేన్ సంస్థ అప్పటికి జరిగిన ఐదు పరిశోధనలను, 1065 మంది స్త్రీల వివరాలను కలిపి చూసింది. పైపు పెట్టినవాళ్లకు అసౌకర్యం ఎక్కువ, లేచి నడవడం ఆలస్యం, ఆసుపత్రిలో ఉండే కాలం ఎక్కువ. పైపు లేనివాళ్లలో మూత్రం ఆగిపోవడం కొంత ఎక్కువ. ఇన్‌ఫెక్షన్ సంగతి తేలలేదు, ఎందుకంటే ఒక్కో పరిశోధన దాన్ని ఒక్కో రకంగా లెక్కపెట్టింది. లక్షల మంది ఆడవాళ్లకు రోజూ చేసే పనికి ఆధారం వెయ్యి మంది వివరాలా! మగవాళ్లకు ఇంత మామూలుగా చేసే పని ఏదైనా ఉంటే ఇలాగే వదిలేసేవారా అని అనుమానం వస్తుంది నాకు.

సలహాలు కూడా ఒక్కలా లేవు. ఆపరేషన్ తర్వాత త్వరగా కోలుకోవడం మీద పనిచేసే ఎరాస్ సొసైటీ 2019లో, పైపు పెట్టి ఉంటే ఆపరేషన్ అయిన వెంటనే తీసేయమంది. బ్రిటన్‌లోని నైస్ సంస్థ 2021లో, ఆమె లేచి తిరగగలిగినప్పుడు, చివరి విడత మత్తుమందు ఇచ్చి కనీసం పన్నెండు గంటలు గడిచాక తీయమంది. వెంటనేనా, పన్నెండు గంటలకా అని వాళ్లు వాదించుకోనివ్వండి. మన దగ్గర జరుగుతున్నది ఆ రెండింటిలో ఏదీ కాదు. ఎవరికో గుర్తొచ్చినప్పుడు తీస్తున్నారు.

ముందే నిర్ణయించిన సిజేరియన్‌లో దీనికి సాకు లేదు. అర్ధరాత్రి బిడ్డ గుండె చప్పుడు పడిపోయి పరుగులు పెట్టే ఆపరేషన్ కాదిది. పంతులుగారికి ముహూర్తం చూడడానికి టైముంది, అల్లుడు సెలవు పెట్టుకోవడానికి టైముంది. గర్భిణిని కూర్చోబెట్టి, “పైపు పెడతాం, మత్తు ఎక్కాకే పెడతాం, రేపు ఇన్ని గంటలకు తీస్తాం” అని చెప్పడానికి ఐదు నిమిషాలు ఉండవా?

సంతకం తీసుకున్నాం కదా అంటారు. ఎవరి సంతకం? చాలాచోట్ల భర్తది, లేకపోతే తండ్రిది. 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు ఈ విషయం తేల్చి చెప్పింది. పరీక్ష కోసం మత్తు ఇచ్చిన స్త్రీకి, బయట ఉన్న తల్లి ఒప్పుకుందని గర్భసంచి, అండాశయాలు తీసేశారు. వయసొచ్చిన మనిషి శరీరానికి ఆమె ఒప్పుదలే ఒప్పుదల, ఒక పనికి ఇచ్చిన ఒప్పుదల ఇంకో పనికి చెల్లదు అంది కోర్టు. పైపు విషయం అంత పెద్దది కాకపోవచ్చు. పద్ధతి మాత్రం అదే.

ఒకటి మాత్రం చెప్పాలి. త్వరగా తీసెయ్యండి అని ఊరికే కేకలేస్తే సరిపోదు. తీశాక ఆరు గంటల్లోగా ఆమెకు మూత్రం వచ్చిందా లేదా ఎవరో ఒకరు చూడాలి. లేచేటప్పుడు పట్టుకోవాలి. వార్డు చివర ఒకే బాత్రూం, దానికి గొళ్లెం లేదు, రాత్రి ఒక్క సిస్టరు ముప్పై మంచాలు చూడాలి అంటే ఆ సిస్టరుకు పైపు ఉంచడమే తేలిక. ఆమెను తిట్టి లాభం లేదు, ఆమె జీతం, డ్యూటీ ఎలా ఉన్నాయో మనకు తెలుసు. బ్యాగును మంచం కింద నేల మీద పడేయడం, స్ట్రెచర్ మీద తీసుకెళ్తూ పొట్ట మీద పెట్టడం (అలా పెడితే మురికి మూత్రం వెనక్కి పోతుంది), ఇవన్నీ చెప్పేవాళ్లు లేక ఇంట్లోవాళ్లు చేస్తున్నవే.

అందుకని నేనడిగేది రెండే. కేసు షీటులో పైపు పెట్టిన టైము, తీయాల్సిన టైము రెండూ రాయాలి. ఆ టైముకు, వద్దనడానికి కారణం లేకపోతే, డాక్టరు రౌండు కోసం ఆగకుండా తీసే అధికారం సిస్టరుకు ఉండాలి. కాన్పుల వార్డులో పడకల లెక్కన కాదు, అప్పుడే ఆపరేషన్ అయినవాళ్ల లెక్కన సిస్టర్లను పెట్టాలి. ఈ రెంటికీ కొత్త యంత్రాలేమీ అక్కర్లేదు. ఈలోగా, మీ ఇంట్లో ఎవరికైనా తేదీ ఖాయం చేస్తుంటే, ఆపరేషన్ ఖర్చు ఎంతని అడిగేటప్పుడే పైపు ఎప్పుడు తీస్తారో కూడా అడగండి. జవాబును ఫైలు మీద రాయించుకోండి.