పాట వచ్చు, చదవడం రాదు: తరగతిలో రైమ్స్ చేయాల్సిన అసలు పని

గ్రామీణ భారతంలో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి స్థాయి పాఠాన్ని చదవగలిగేవారు 27.1 శాతమే. ఇంటింటికీ వెళ్లి చేసిన అసర్-2024 సర్వే తేల్చిన లెక్క ఇది. ప్రభుత్వ బడుల్లో 2022లో 16.3 శాతంగా ఉన్న ఈ సంఖ్య 23.4 శాతానికి పెరగడం కొంత ఊరట. అయినా అక్కడ ప్రతి నలుగురిలో ముగ్గురు ఇంకా వెనకే ఉన్నారు.

2021 జులైలో మొదలైన నిపుణ్ భారత్ కార్యక్రమం ఈ పరిస్థితిని మార్చడానికి 2026-27ను గడువుగా పెట్టుకుంది. మూడో తరగతి పూర్తయ్యేసరికి పిల్లలు నిమిషానికి కనీసం 60 పదాలు అర్థం చేసుకుంటూ చదవాలన్నది లక్ష్యం. అక్షరాల బట్టీతో అది సాధ్యం కాదని గుర్తించి, చిన్న తరగతుల్లో ఆటపాటలకు చోటు పెంచారు. 2022లో వచ్చిన పునాది దశ పాఠ్యప్రణాళిక చట్రం, 2023లో విడుదలైన ‘జాదూయీ పిటారా’ బోధన సామగ్రి రెండూ ఆ దారిలోనివే. మరి పాటలు పాడిస్తే చదవడం వస్తుందా?

పాట ఇచ్చేది ఏమిటి?

కూడబలుక్కుని చదివే పిల్లవాడు వాక్యం చివరికి వచ్చేసరికి మొదట్లో ఏముందో మరిచిపోతాడు. అక్షరాలు పోల్చుకోవడానికే బుర్రంతా ఖర్చయిపోతుంది, అర్థానికి ఏమీ మిగలదు. అందుకే ధారాళంగా చదవడం అనేది వేగానికి మించిన విషయం. ఎక్కడ ఆగాలి, ఏ పదాలను కలిపి పలకాలి అన్నది అందులో సగం. ప్రాసతో నడిచే చిన్న పాట ఈ విరుపులను పాఠం చెప్పకుండానే నేర్పుతుంది. ఒకే పాఠాన్ని పదిసార్లు చదవమంటే విసుక్కునే పిల్లలు పాటను పదిసార్లు అడిగి మరీ పాడించుకుంటారు. ఒంటరిగా నోరు విప్పని బిడ్డ కూడా గుంపులో గొంతు కలుపుతుంది.

చిక్కు కూడా ఇక్కడే ఉంది. గుంపులో ఎవరు చదువుతున్నారో, ఎవరు పెదవులు కదుపుతున్నారో తెలియదు. నోటికి వచ్చిన పాటను పుస్తకం తలకిందులుగా పట్టుకున్నా అప్పగించవచ్చు. వార్షికోత్సవంలో చేతులు తిప్పుతూ నాలుగు ఇంగ్లిష్ రైమ్స్ చెప్పగానే బిడ్డకు చదువు వచ్చేసిందని మురిసిపోయే తల్లిదండ్రులు తక్కువేమీ కాదు.

చెవితో పాటు కన్ను

ఈ చిక్కుకు జవాబు బడి బయట కనిపిస్తుంది. అహ్మదాబాద్ ఐఐఎంలో బ్రిజ్ కొఠారి 1996లో ఒక ఆలోచనకు రూపమిచ్చారు: టీవీలో వచ్చే సినిమా పాటల కింద అదే భాషలో సాహిత్యాన్ని అక్షరాల్లో చూపించడం. తెలిసిన పాట కావడంతో తర్వాతి మాట ఏమిటో చెవికి ముందే తెలుసు, కన్ను దాన్ని తెర మీద వెతుక్కుంటుంది. చదవడం అలవాటయ్యేది ఆ వెతుకులాటలోనే.

తరగతికీ ఇదే సూత్రం. పాటను పెద్ద అక్షరాలతో చార్టు మీద రాసి, పాడుతున్నంతసేపూ ఒక్కో పదం కింద వేలు కదలాలి. మర్నాడు ‘చెట్టు’ ఉన్న చోట ‘గట్టు’ అని మార్చి రాస్తే, కంఠస్థం చేసిన పిల్లలు పాత మాటే అంటారు, చదివినవారు నవ్వుతారు. పాదాలను చీటీలుగా కత్తిరించి వరసలో పెట్టించడం తర్వాతి మెట్టు. ఆ పైన ఒక్కొక్కరితో విడిగా చదివించాలి. వీటికి కావాల్సింది చార్టు, రంగు పెన్ను, రోజూ పది నిమిషాలు. ఒకే ఉపాధ్యాయుడు రెండు మూడు తరగతులు చూసుకునే బడుల్లో ఆ పది నిమిషాలే కష్టం.

తెలుగుకు ఏ గడియారం?

‘స్కూల్ జా రహా హూఁ’ అంటే హిందీలో నాలుగు పదాలు. ‘బడికి వెళ్తున్నాను’ అంటే తెలుగులో రెండే. పైగా వత్తులు, గుణింతాలు కలిసి ఒక్కో పదం బరువెక్కుతుంది. నిమిషానికి ఇన్ని పదాలన్న కొలత రెండు భాషల్లోనూ ఒకే శ్రమను సూచించదు. ఎన్‌సీఈఆర్‌టీ 2022లో జరిపిన అధ్యయనం 20 భాషలకు విడివిడిగా ప్రమాణాలు నిర్ణయించింది ఇందుకే. ఈ తేడాను పట్టించుకోకుండా స్టాప్‌వాచ్ పట్టుకుంటే పిల్లలు విరుపులు మింగేసి పరుగెడతారు. పాట నేర్పినది పరీక్ష చెరిపేస్తుంది.

తెలంగాణ ప్రభుత్వ బడుల్లో 2022-23 నుంచి ఒకటో తరగతిలోనే ఇంగ్లిష్ మీడియం మొదలైంది. పాఠ్యపుస్తకాలు రెండు భాషల్లోనూ ఇచ్చారు. ఆ రెండో భాషను వాడుకోవాల్సిన చోటు ఇదే. ఇంగ్లిష్‌లో రాసే తీరు ఒకటి, పలికే తీరు మరొకటి. అర్థం తెలియని పాటలో ఆ ముడి విప్పడం ఆరేళ్ల బిడ్డకు రెట్టింపు భారం. ఇంట్లో గోండీ, కోయ, లంబాడీ మాట్లాడే పిల్లలకు తెలుగు పాట కూడా కొత్త భాషే. వాళ్ల ఇంటి పాటను తెలుగు లిపిలో చార్టు మీద రాస్తే, వాళ్లకు తెలిసిన మాటే మొదటి పాఠమవుతుంది.

రైమ్స్ పనిచేశాయా లేదా అన్నది పాడిన పాటతో తేలదు. ఎన్నడూ వినని నాలుగు పాదాలు ముందుపెట్టినప్పుడు, ఎవరూ అందించకుండా ఆ బిడ్డ వాటిని చదివి, అందులో ఏముందో తన మాటల్లో చెప్పగలగాలి. గడువు నాటికి రాష్ట్రాలు లెక్కపెట్టాల్సింది అలాంటి పిల్లలనే.